సముద్రంలో నగరం దొరికిందంటే ముందు అడగాల్సింది లోతు

ద్వారక వీడియోలు, ఈజిప్టులో నీళ్ల కింద నిలబడ్డ విగ్రహాల ఫొటోలు, కడలిలో మునిగిందని చెప్పే అట్లాంటిస్ నగరం కథలు అన్నీ చూడ్డానికి ఒకలాగే ఉన్నాయి, వీటిలో నిజంగా మునిగిన నగరం ఏది, ఎందుకు మునిగింది, దాని వయసు ఎలా తేలుస్తారు అని అడిగారు. పేరూ పురాణమూ ఫొటోలూ కాసేపు పక్కన పెట్టి ముందు ఒక అంకె అడగండి: ఎంత లోతులో ఉంది? సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం ముదిరి ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. మంచు కరిగేకొద్దీ నీరు పెరుగుతూ వచ్చి, 6,000–7,000 ఏళ్ల కిందటికి ఇప్పటి మట్టానికి దగ్గరగా చేరి నెమ్మదించింది. రాతిగోడలు, వీధులు, రేవులు ఉన్న నగరాలు దాదాపు అన్నీ ఆ తర్వాత పుట్టినవే. కాబట్టి 2,500 ఏళ్ల నాటి ఊరు పది మీటర్ల లోతున కనిపిస్తే ‘సముద్రం పొంగి ముంచేసింది’ అనే జవాబు సరిపోదు. అక్కడ నేలే దిగి ఉండాలి. ఎందుకు దిగింది, ఎంత దిగింది, ఒక్కసారిగానా, అంచెలంచెలుగానా? దీనికి జవాబున్న చోట నగరం కథ నమ్మదగ్గది. జవాబు లేని చోట ఫొటో ఎంత బాగున్నా ఆగి చూడాలి.

నేల దిగడంలో చాలా రకాలున్నాయి. అన్నిటికంటే బాగా అర్థమైన ఉదాహరణ ఈజిప్టులోని థోనిస్-హెరాక్లియన్. అలెగ్జాండ్రియాకు తూర్పున అబూ కిర్ అఖాతంలో, ఇప్పటి తీరానికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో, సుమారు పది మీటర్ల లోతులో ఉంది. ఫ్రాంక్ గోడియో నాయకత్వంలోని యూరోపియన్ జలాంతర పురావస్తు సంస్థ ఈజిప్టు పురావస్తు శాఖతో కలిసి 1996లో అఖాతాన్ని సర్వే చేయడం మొదలుపెట్టింది. 2000లో నగరం బయటపడింది. అలెగ్జాండ్రియా పుట్టకముందు గ్రీకు సముద్రం నుంచి ఈజిప్టులోకి వచ్చే ఓడలకు ఇదే గుమ్మం. నైలు నదికి ఉన్న కానోపిక్ పాయ కడలిలో కలిసే చోట, పాయలకూ కాలువలకూ మధ్య ఒండ్రు దిబ్బల మీద కట్టిన ఊరు. ఆ ఒండ్రే దాని కొంప ముంచింది.

ఒండ్రులో నీరు నిండి ఉంటుంది. సముద్రపు ఒడ్డున తడి ఇసుకలో నిలబడి పాదాలు ఆడిస్తే నీరు పైకి ఊరి కాళ్లు దిగబడతాయి కదా, భూకంపంలో మొత్తం దిబ్బకు జరిగేది అదే. కుదుపుకి ఇసుక రేణువుల మధ్య ఉన్న నీటి పీడనం పెరుగుతుంది, రేణువులు ఒకదాన్నొకటి ఆనుకోవడం మానేస్తాయి, నేల కాసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. బంకమన్ను తీరు కొంచెం వేరు. దాని మీద పెద్ద బరువు పెట్టినా, వరద నీరు, వరద మేట అదనంగా తోడైనా లోపలి నీరు బయటికి పిండుకుపోయి మన్ను అణగారుతుంది, అంచుల్లో పక్కకి జారుతుంది. థోనిస్‌లో బరువుకి కొదవ లేదు. ఆలయం పెద్ద పెద్ద రాతి దిమ్మెలతో కట్టినది, దాని ముందు సుమారు ఐదు మీటర్ల ఎర్ర గ్రానైట్ విగ్రహాలు. వరద దేవుడు హాపీ విగ్రహం ఒక్కటే 5.4 మీటర్లు, బరువు సుమారు ఆరు టన్నులు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో ఈజిప్టు దేవుడు అమున్ ఆలయం ఉన్న మధ్య దిబ్బ కూలింది. మిగిలిన భాగాల్లో జనం ఉంటూనే వచ్చారు. క్రీ.శ. 8వ శతాబ్దం చివరికి మొత్తం నీటి కిందికి వెళ్లిపోయింది. అంటే మొదటి దెబ్బకీ చివరి మునకకీ మధ్య తొమ్మిది వందల ఏళ్లు! ‘ఒక్క రాత్రిలో కడలి మింగింది’ అన్న వాక్యం కనిపిస్తే ఈ లెక్క గుర్తు చేసుకోండి.

కూలిన క్షణానికి సాక్ష్యం కూడా దొరికింది. ఆలయం పక్క కాలువలో కట్టేసి ఉన్న సుమారు 25 మీటర్ల ఓడ మీద ఆలయపు దిమ్మెలు పడ్డాయి. ఓడ అక్కడే అడుగుకి చేరింది, దిమ్మెల బరువు దాన్ని కదలనివ్వలేదు, పైన దాదాపు ఐదు మీటర్ల గట్టి బంకమన్ను పేరుకుంది. 2021లో ప్రకటించిన ఈ ఓడను కంటితో చూసి కనుక్కోలేదు, నేల పొరల్లోకి ధ్వని పంపే యంత్రంతో పట్టుకున్నారు. గాలి తగలని బంకమన్నులో చెక్కను తినే పురుగు బతకదు కాబట్టి కొయ్య నిలిచింది. అఖాతంలో 60కి పైగా నౌకల అవశేషాలు, 700కు పైగా లంగర్లు దొరికాయి. వాటిలో 17వ నంబరు ఓడ నాకు ఇష్టమైనది. తుమ్మ జాతి కర్రతో చేసిన పొట్టి పలకలను ఇటుకల వరసల్లా పేర్చి, లోపలి నుంచి పొడవాటి కొయ్యమేకులతో బిగించిన ‘బారిస్’ అనే సరుకు పడవ. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఈజిప్టులో చూసి వర్ణించిన పడవ కట్టుబడికి ఇది చాలా దగ్గరగా ఉందని 2019లో పరిశోధకుడు అలెగ్జాండర్ బెలోవ్ ప్రచురించారు. అప్పటిదాకా ఆ వర్ణనను అర్థం చేసుకోలేక వదిలేసినవాళ్లే ఎక్కువ.

ఇక ఊరి పేరు ఎలా తేలింది? ఇక్కడే అసలైన పాఠం ఉంది. గ్రీకులు హెరాక్లియన్ అన్న ఊరు, ఈజిప్టువాళ్లు థోనిస్ అన్న ఊరు వేరు వేరు అనుకునేవారు. ఈజిప్టు రాజు మొదటి నెక్టానెబో క్రీ.పూ. 380లో వేయించిన ఒక శాసనం ఉంది. గ్రీకు సముద్రం మీదుగా వచ్చే సరుకుపై వచ్చే రాబడిలో పదోవంతు సాయిస్‌లోని నీత్ దేవత ఆలయానికి ఇవ్వాలని అందులో ఆజ్ఞ. ఒక ప్రతి 1899లో నైలు డెల్టాలోని నౌక్రాటిస్‌లో దొరికింది. దానికి కవల లాంటి రెండో ప్రతి నీటి అడుగున, ఆలయ ప్రాంగణంలోనే దొరికింది. ఈ శిలను థోనిస్ అనే ఊళ్లో నిలపాలని ఆ రెండో ప్రతిలోనే రాసి ఉంది. శాసనం ఉండాల్సిన చోటే ఉంది, ఏ ఊళ్లో ఉండాలో తానే చెబుతోంది. ఇంతకంటే గట్టి రుజువు జలాంతర పురావస్తు శాస్త్రంలో అరుదు. విగ్రహం ఎంత అందమైనదైనా ఆ పని చేయలేదు.

నేల దిగడానికి ఒండ్రే ఉండాలని లేదు. దక్షిణ గ్రీసులో ఎలాఫోనిసోస్ ద్వీపం ఎదురుగా ఉన్న పావ్లోపెట్రి కంచుయుగపు ఊరు. వీధులు, ఇళ్ల పునాదులు, సమాధులు అన్నీ మూడు నాలుగు మీటర్ల నీటి కింద, పైనుంచి ఈదుతూ చూడగలిగేలా ఉన్నాయి. 1967లో నికోలస్ ఫ్లెమింగ్ గుర్తించారు, 1968లో కేంబ్రిడ్జి బృందం పటం గీసింది, 2009లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం గ్రీకు పురావస్తు శాఖతో కలిసి మళ్లీ కొలిస్తే మరో 9,000 చదరపు మీటర్ల కట్టడాలు తేలాయి. అక్కడి జనావాసం క్రీ.పూ. 2800కు ముందే మొదలైంది. భూఫలకాల కదలికలతో తీరమంతా భూకంపం తర్వాత భూకంపంగా దిగింది. అదే చుట్టుపక్కల క్రీట్ ద్వీపం పశ్చిమ కొన క్రీ.శ. 365 భూకంపంలో దీనికి తలకిందులుగా పైకి లేచింది, కొన్నిచోట్ల దాదాపు తొమ్మిది మీటర్లు. ఫలసర్నా రేవు ఇప్పుడు ఆరు మీటర్లకు పైగా ఎత్తులో, ఎండిన నేల మీద ఉంది. పడవలు కట్టే రాళ్లకు నీళ్లు లేవు. మునగని కారణంగా ఇది వార్తల్లోకి రాదు గానీ, అదీ పోయిన నగరమే.

ఇటలీలో నేపుల్స్ పక్కన ఉన్న బాయే మరో తరహా. కింద అగ్నిపర్వతం ఉంది. లోపలి ద్రవాలు, వాయువుల ఒత్తిడి పెరిగితే నేల లేస్తుంది, తగ్గితే దిగుతుంది. రోమన్ సంపన్నుల విలాస గృహాలు అలా నెమ్మదిగా దిగి ఇప్పుడు కొద్ది మీటర్ల లోతులో మొజాయిక్ నేలలతో సహా ఉన్నాయి. 2002 నుంచి అది జలాంతర రక్షిత ప్రాంతం. పక్కనే పొజ్జువోలిలో రోమన్ అంగడి స్తంభాలు మూడు నిలబడి ఉన్నాయి. రాతిని తొలిచే సముద్రపు ఆల్చిప్పలు వాటికి సుమారు ఏడు మీటర్ల ఎత్తు వరకూ చిల్లులు పెట్టాయి. అంటే ఆ స్తంభాలు పడిపోకుండానే మునిగి, పడిపోకుండానే మళ్లీ తేలాయి. ఇది పాత సంగతి కూడా కాదు, 1982–84 మధ్య ఆ ఊరి నేల సుమారు 1.8 మీటర్లు లేచింది. బాయేకి వెళ్లి ‘రోమన్ల కాలంలో సముద్రం ఇక్కడిదాకా ఉండేది’ అని లెక్క కడితే అది ఆ ఒక్క అఖాతానికే చెల్లుతుంది. ఇరవై కిలోమీటర్ల అవతల పనికిరాదు.

హెలికే కథ ఇంకో దారి చూపిస్తుంది. గ్రీసులో కొరింథ్ సింధుశాఖ దక్షిణ తీరాన ఉన్న నగరం, క్రీ.పూ. 373 చలికాలపు రాత్రి భూకంపం వచ్చి, వెంటనే అల వచ్చి పోయింది. రేవులో ఉన్న పది స్పార్టా నౌకలు కూడా పోయాయి. ప్లేటో బతికి ఉండగా జరిగిన విపత్తు ఇది. అట్లాంటిస్ కథకు మనకున్న ఆధారం ఆయన రాసిన రెండు సంభాషణలే, అవి ఈ సంఘటన తర్వాతివి. మిగతాది మీరే ఊహించండి, నేను రుజువని అనను. హెలికే కోసం జనం చాలాకాలం సముద్రంలో వెతికారు. 1988లో మొదలైన హెలికే ప్రాజెక్టు కూడా మొదట సోనార్‌తో కడలి అడుగే చూసింది, ఏమీ దొరకలేదు. పాత రచనల్లో నగరం మునిగిన చోటు ‘పోరోస్’ అని ఉంది. దాన్ని సముద్రమని కాకుండా తీరం లోపలి కయ్య అని అర్థం చేసుకుని డోరా కట్సోనోపౌలౌ, స్టీవెన్ సోటర్ బృందం మైదానంలో బోర్లు వేయడం మొదలుపెట్టింది. ఉప్పుకయ్య బురదలో ఉండే సూక్ష్మజీవుల పెంకులు, వాటి మధ్య కుండపెంకులు వచ్చాయి. 2001లో రిజోమిలోస్ గ్రామం దగ్గర తోటల కింద ఆ కాలపు గోడలు బయటపడ్డాయి. మునిగిన నగరం మీద నదులు మేట వేసి పొలం చేసేశాయి. ఆ తవ్వకాల్లోనే సుమారు క్రీ.పూ. 2500 నాటి మరో ఊరు కూడా దొరికింది, అదీ నీటి పొరల కిందే. ఒకే చోట రెండుసార్లు!

మన తీరంలో వెతికేవాళ్లు బాగా చదవాల్సింది హెలికేనే అని నా అభిప్రాయం. కృష్ణా, గోదావరి డెల్టాలు సముద్రంలోకి ముందుకు జరిగాయి. పాతకాలపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ చెప్పిన కొంటకోస్సైలా రేవు ఘంటసాల అని చాలామంది చరిత్రకారులు గుర్తిస్తారు. ఆ ఘంటసాల ఇప్పుడు తీరానికి బాగా లోపల ఉంది. ఇక్కడ పాత రేవులు కడలి కింద కాదు, వరిచేల కింద ఒండ్రులో ఉండే అవకాశమే ఎక్కువ. పడవ వేసుకుని వెతకడం కన్నా పాత పాయల జాడలు ఉపగ్రహ చిత్రాల్లో గుర్తించి, వాటి గట్ల మీద చేతి ఆగర్‌తో (నేలను తొలిచే బరమాతో) నాలుగైదు మీటర్లు తొలిచి చూడటం చౌక, ఫలితమూ ఎక్కువ.

ఇక పరికరాల సంగతి. వార్తల్లో ‘సోనార్‌లో నగరం కనిపించింది’ అని రాస్తారు. ఏ సోనార్ అన్నది రాయరు. సైడ్‌స్కాన్ సోనార్ అడుగు పైభాగాన్ని మాత్రమే చూపిస్తుంది. 100 కిలోహెర్ట్జ్ దగ్గర నడిపితే ఒక్కో వైపు రెండు వందల మీటర్ల వరకూ చూడొచ్చు గానీ బొమ్మ ముతక. 500 దాటితే బొమ్మ సన్నం, చూపు యాభై అరవై మీటర్లే. అందుకే ముందు ముతకగా ఊడ్చి, అనుమానం ఉన్నచోట సన్నగా మళ్లీ వెళ్లాలి, అదీ కనీసం రెండు వేర్వేరు దిక్కుల్లో. పడవ ఒకే దిక్కులో వెళ్లి తీసిన బొమ్మలో గీతలు పడవ దారికి సమాంతరంగా ఉంటే అది యంత్రం వేసిన గీత కావచ్చు. 2009లో గూగుల్ ఎర్త్‌లో ఆఫ్రికా పశ్చిమ తీరం అవతల అట్లాంటిస్ వీధులంటూ ప్రచారమైన గళ్లు సరిగ్గా అవే, లోతు కొలిచిన ఓడల దారులు. తర్వాత డేటా సరిదిద్దితే మాయమయ్యాయి.

మల్టీబీమ్ సోనార్ లోతు పటం ఇస్తుంది, దిబ్బలూ పాత కాలువల ఒంపులూ అందులో తేలతాయి. అడుగు కింద ఏముందో చెప్పేది సబ్-బాటమ్ ప్రొఫైలర్. బంకమన్నులో చాలా మీటర్లు దిగుతుంది, ముతక ఇసుకలో త్వరగా ఆగిపోతుంది, డెల్టాల్లో కుళ్లిన ఆకుల గ్యాసు ఉంటే తెర కట్టినట్టు అక్కడితో అంతా నలుపు. గోదావరి మొగల్లో ఈ ఇబ్బంది తప్పదు. నాలుగోది అయస్కాంత క్షేత్రంలో తేడాలు కొలిచే మాగ్నెటోమీటర్. ఇనుము, కాల్చిన ఇటుక, కుండలు కాల్చిన బట్టీలు దీనికి దొరుకుతాయి. ఒండ్రులో పూడిన సున్నపురాయి గోడ కూడా చుట్టూ మట్టికంటే తక్కువ అయస్కాంతత్వంతో లోటుగా కనిపిస్తుంది. అబూ కిర్‌లో నీరు మసకగా ఉండి, కట్టడాలు పూడికలో ఉన్నందువల్ల న్యూక్లియర్ రెజొనెన్స్ మాగ్నెటోమీటర్లే ఎక్కువ పని చేశాయి. ఇది లాగేటప్పుడు గీతల మధ్య ఎడం పది మీటర్లకు మించితే చిన్న కట్టడాలు జారిపోతాయి. పడవ ఇంజిన్ ఇనుము నుంచి దూరంగా, పడవ పొడవుకి కనీసం మూడు రెట్ల తాడుతో లాగాలి. కొయ్య ఓడకు ఇనుప మేకులు లేకపోతే ఇది గుడ్డిదే.

ఇవన్నీ అనుమానాలే ఇస్తాయి, రుజువులు కావు. రుజువుకి మనిషి దిగాలి, పొర కోయాలి. తవ్వడానికి రెండు సాధనాలు: గాలి పంపి బురదను పైకి లాగే ఎయిర్‌లిఫ్ట్, నీటి పంపుతో లాగే డ్రెడ్జ్. ఎయిర్‌లిఫ్ట్ పైపు అడుగుకీ పైకీ ఉన్న పీడన తేడా మీద బతుకుతుంది, నాలుగైదు మీటర్ల లోతులో సరిగ్గా లాగదు. పావ్లోపెట్రి లాంటి చోట్ల నీటి డ్రెడ్జే దిక్కు. గొట్టం మూతిని నేలకు ఆనించకూడదు, చేత్తో బురదను విసురుతూ మూతి వైపు పంపాలి. మూతి ఆనిస్తే కుండపెంకూ పొరా కలిసి వెళ్లిపోతాయి, వెనక జల్లెడలో పడ్డ పెంకు ఏ పొరదో ఎవరూ చెప్పలేరు. ఇసుకలో గుంత గోడ నిలబడదు, మీటరు లోతుకి రెండు మీటర్ల వెడల్పైనా ఏటవాలుగా తెరవాలి. రాత్రి ఒక్క ప్రవాహానికి పూడిపోతుంది కాబట్టి ఆ రోజు తెరిచింది ఆ రోజే కొలిచి, ఫొటోలు తీయాలి. ఫొటోల నుంచి కొలతలతో త్రిమితీయ బొమ్మ తయారుచేసే ఫొటోగ్రామెట్రీకి పక్క పక్క ఫొటోల్లో 70–80 శాతం ఒకే దృశ్యం ఉండాలి, కొలబద్దలు కనీసం నాలుగు మూలల్లో, ఒకటి నిలువునా. ఎత్తు సరిచూసే ఆధారం లేకపోతే బొమ్మ గిన్నెలా వంగవచ్చు, గది నేల వాలుగా ఉందని పొరపాటు పడతారు.

వయసు సంగతి వచ్చేసరికి తప్పులు మరీ ఎక్కువ. నీటి అడుగున దొరికిన కర్ర వయసు ఆ చెట్టు వయసు. ఆ కర్ర గోడలోది అయితేనే గోడకు వర్తిస్తుంది. గుల్లలకు కార్బన్ తేదీ తీస్తే సముద్రపు నీటిలో పాత కార్బన్ వల్ల సగటున సుమారు 400 ఏళ్లు ఎక్కువ చూపిస్తుంది, బంగాళాఖాతానికీ అరేబియా సముద్రానికీ దిద్దుబాటు వేరు. కుండపెంకు అంచు పదునుగా ఉంటే అక్కడే పగిలింది, గులకరాయిలా అరిగి ఉంటే ఎక్కడి నుంచో దొర్లుకుంటూ వచ్చింది. అరిగిన పెంకుతో ఊరికి తేదీ కట్టకూడదు.

ఖంభాత్ సింధుశాఖ వివాదం ఇదే. 2001లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ సోనార్ బొమ్మల్లో 30–40 మీటర్ల లోతున చతురస్రాకారాలు చూసింది, డ్రెడ్జ్ చేస్తే వచ్చిన ఒక కొయ్యముక్క సుమారు 9,500 ఏళ్ల నాటిదని తేలింది. లోతు లెక్కకు ఇది సరిపోతుంది, ఆ కాలంలో ఆ నేల పొడిగా ఉండి ఉండొచ్చు. కానీ ఆ కొయ్య ఏ గోడ నుంచీ రాలేదు, ఏ పొర నుంచీ రాలేదు. ప్రపంచంలోనే ఉధృతమైన ఆటుపోట్లున్న చోట్లలో అదొకటి. నదులు తెచ్చిందంతా అక్కడ కలిసిపోయి తిరుగుతుంటుంది. కాబట్టి తెలిసింది 9,500 ఏళ్ల కిందట గుజరాత్ పరిసరాల్లో ఒక చెట్టు ఉండేదని మాత్రమే. తవ్వకం జరిగి గోడ కింద పొయ్యి దొరికితే అప్పుడు మాట్లాడొచ్చు.

ద్వారక మీద కోపాలు ఎక్కువ కాబట్టి జాగ్రత్తగా చెబుతాను. 1980లలో ఎస్.ఆర్. రావు నాయకత్వంలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ అక్కడ గాలించింది. రాతి దిమ్మెలు, గుండ్రని బురుజు లాంటి కట్టడాలు, పెద్ద సంఖ్యలో రాతి లంగర్లు దొరికాయి. బేట్ ద్వారకలో మలి హరప్పా కాలపు కుండలు, మూడు తలల జంతువు ఉన్న ముద్ర దొరికాయి. కాబట్టి సుమారు 3,500 ఏళ్ల కిందట అక్కడ మనుషులున్నారు, సందేహం లేదు. అయితే ద్వారక ఒడ్డున మూడు నుంచి ఆరు మీటర్ల లోతులో చెల్లాచెదురుగా ఉన్న దిమ్మెలు ఆ కాలానివే అని ఆ కుండలు చెప్పవు. ఆ ఆకారపు లంగర్లు వందల ఏళ్లు మధ్యయుగం దాకా వాడారు. తర్వాత అదే సంస్థ పరిశోధకులు ఆ కట్టడాలు చారిత్రక కాలపు రేవు భాగాలై ఉండవచ్చని రాశారు. రేవు గోడ నీళ్లలోనే కడతారు, దాన్ని చూసి ఊరు మునిగిందనలేం. రెండు వైపులవాళ్లకూ నా మాట ఒకటే: దిమ్మెల కింద కదలని పొర తవ్వి తేదీ తీసేదాకా తీర్పు వద్దు.

అసలు కట్టడమే కానివాటితో మొదటికే మోసం వస్తుంది. గ్రీసులో జాకింథోస్ ద్వీపం దగ్గర ఈతగాళ్లకు రెండు నుంచి ఐదు మీటర్ల లోతులో స్తంభపీఠాలు, పరిచిన బండలు కనిపించాయి. కుండపెంకు ఒక్కటీ లేదు, నాణెం లేదు. 2016లో ఏథెన్స్, ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు పరీక్షిస్తే అవి సముద్రగర్భం నుంచి ఊరిన మీథేన్ చుట్టూ సూక్ష్మజీవుల వల్ల గట్టిపడిన డోలమైట్ (ఒక ఖనిజం) గొట్టాలు, పదుల లక్షల ఏళ్ల నాటివి. బహమాస్‌లో 1968లో దొరికిన బిమినీ ‘రోడ్డు’ తీరపు ఇసుక సున్నంతో అతుక్కుని నలుచదరంగా పగిలిన బీచ్‌రాక్. రాతి లోపలి ఇసుక పొరలు పక్క రాయిలోకి కొనసాగుతుంటే అది ప్రకృతి పగలగొట్టినది. మనిషి పేర్చిన రాళ్లలో పొరలు తలో దిక్కుకీ ఉంటాయి. నాలుగు రాళ్ల నుంచి సన్నని కోతలు తీసుకుంటే చాలు. ఇంకో గుర్తు: మనుషులు బతికిన చోట చెత్త ఉంటుంది. పెంకులు, ఎముకలు, బూడిద, గుల్లలు. చెత్త లేని నగరం నగరం కాదు.

మన ప్రాంతంలో కళ్లెదుటే మునిగిన నగరం నాగార్జునకొండ, ఇక్ష్వాకుల విజయపురి. ఇది విపత్తు కాదు, తెలిసి ముంచింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. అంతకు ముందు ఏడాదే మొదలైన తవ్వకాలు 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో నడిచాయి. లోయలో వందకు పైగా చోట్లు నమోదు చేశారు, తొమ్మిది కట్టడాలను తరలించి మళ్లీ నిలబెట్టారు, పద్నాలుగింటికి నమూనాలు కట్టారు. మిగతావి 590 అడుగుల పూర్తి మట్టం కింద ఉన్నాయి. శాశ్వతంగా మునిగి పూడిక కప్పిన ఇటుక బాగానే నిలుస్తుంది. ఏటా నీరు దిగి ఎక్కే ఎత్తులో ఉన్నదే పాడవుతుంది. తడిసి ఆరినప్పుడల్లా లవణాలు ఇటుక పైపొరను రాల్చేస్తాయి, అలలు పునాది కింద మట్టిని లాగేస్తాయి. శ్రీశైలం జలాశయం తగ్గినప్పుడు తేలే సంగమేశ్వరం గుడికీ ఇదే ముప్పు. తేలిందని మనం సంతోషించే వారాలే రాతికి గడ్డు వారాలు.

చివరగా, వలలో గానీ చెరువు పూడికలో గానీ పాత వస్తువు వస్తే ఏం చేయాలన్న మీ చిన్న ప్రశ్నకి. ఆరబెట్టకండి. కొయ్య అయితే లోపలి కణాల గోడలు ఎప్పుడో కుళ్లి నీరే ఆకారం పట్టి ఉంచుతోంది, ఎండితే గంటల్లో ముడుచుకుని చీలుతుంది. సముద్రపు కుండ ఎండితే లోపలి ఉప్పు స్ఫటికమై పైపూతను ఊడగొడుతుంది. దొరికిన నీటిలోనే, మూత ఉన్న ప్లాస్టిక్ తొట్టిలో, నీడన ఉంచండి. ఇనుమూ కొయ్యా రాగీ ఒకే తొట్టిలో వద్దు. గుల్లలు గీకవద్దు, లోహం పైన గడ్డ కట్టిన పెంకు లోపల అసలు ఆకారం ఉండొచ్చు. ఫోన్‌లో జీపీఎస్ స్థానం, నీటి లోతు, వల ఏ దిక్కుకు లాగారో రాసుకోండి. వస్తువు కంటే ఆ చీటీ విలువైనది. వందేళ్లు దాటిన వస్తువు చట్టప్రకారం పురావస్తువు, కాబట్టి రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ కేంద్ర శాఖకు గానీ చెప్పాలి. ఉప్పు తీయడం వాళ్ల పని. మంచినీటిలో నెలల తరబడి నీరు మారుస్తూ ఉంచుతారు, తీసిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా విరగడం ఆగేదాకా. కొయ్యకు నీటి స్థానంలో చేరి ఆకారం నిలిపే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థం పట్టించాలి. స్వీడన్‌లో కడలి అడుగు నుంచి పైకి తీసిన 17వ శతాబ్దపు వాసా ఓడకు అది 1962 నుంచి 1979 దాకా పిచికారీ చేశారు, ఆ తర్వాత ఆరబెట్టడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.